నీడకు గీత ఉండదు: వెక్టర్ బొమ్మల్లో షాడో, సాఫ్ట్ ఎడ్జ్ వెనుక జరిగేది

వెక్టర్ సాఫ్ట్‌వేర్‌లో గీసిన అక్షరాన్ని విజిటింగ్ కార్డులో పెట్టినా, ఇరవై అడుగుల హోర్డింగ్‌కు పెంచినా అంచు చెదరదు. ఫైల్‌లో ఉన్నది బొమ్మ కాదు, బొమ్మను గీసే లెక్క. ఈ బిందువు నుంచి ఆ బిందువుకు ఇంత వంపుతో గీత, లోపల ఈ రంగు, అంతే. అదే అక్షరానికి ఒక మెత్తటి నీడ తగిలించగానే ఫైల్ స్వభావం మారిపోతుంది. మెత్తటి నీడ ఫలానా చోట ముగిసిందని వేలు పెట్టి చూపించలేం. అంచే లేనిదాన్ని అంచుల లెక్కలో ఇమడ్చడం కష్టం కాబట్టి కోరల్‌డ్రా, ఇలస్ట్రేటర్, ఇంక్‌స్కేప్, లిబ్రేఆఫీస్ డ్రా చివరికి ఒకే దారి పట్టాయి. నీడ వరకు పిక్సెళ్లు, అంటే చిన్న చిన్న రంగు చుక్కలు పుట్టిస్తాయి.

స్క్రీన్ మీద చూస్తున్నంతసేపు ఈ సంగతి తెలియదు. ప్రింట్‌కు వెళ్లాక బయటపడుతుంది. నీడ చుట్టూ లేత డబ్బా కనిపిస్తుంది, లేదా నీడ కత్తిరించినట్టు ఒకచోట ఆగిపోతుంది, లేదా అక్షరమే మసకబారుతుంది. ఇవి మూడు వేర్వేరు జబ్బుల్లా ఉంటాయి, తప్పు ప్రింటర్ మీదకు పోతుంది. చాలాసార్లు కారణం వేరు. గీతల ఫైల్‌లోకి పిక్సెళ్లు ఏ దశలో, ఎంత జాగాలో, ఏ రిజల్యూషన్‌తో (అంగుళానికి ఎన్ని చుక్కలతో) వచ్చాయన్నది ఎవరూ చూసుకోకపోవడమే.

నీడ తయారయ్యే తీరు

ఇంక్‌స్కేప్‌ను ఉదాహరణగా తీసుకోవడం తేలిక, దాని ఫైల్‌ను తెరిచి చదువుకోవచ్చు కాబట్టి. అది వాడే ఎస్‌వీజీ ఫార్మాట్ 2001లో వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ప్రమాణంగా వచ్చింది. ఫిల్టర్ల విధానం అందులో మొదటినుంచీ ఉంది. ఇంక్‌స్కేప్‌లో మాత్రం బ్లర్ (మసకబరచడం) 2007 నాటి 0.45 వెర్షన్‌తో వచ్చింది.

నీడ వేసే ఫిల్టర్ చేసే పని వరుసగా ఇదీ. ముందు వస్తువు రంగులన్నీ పక్కన పెట్టి దాని ఆకారాన్ని మాత్రమే తీసుకుంటుంది, అంటే ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు అన్న సమాచారం. దాన్ని బ్లర్ చేస్తుంది. కాస్త కుడికి, కిందికి జరుపుతుంది. నల్లరంగో మరో రంగో నింపుతుంది. చివరికి అసలు వస్తువును దానిపైన పెడుతుంది. ఇలస్ట్రేటర్‌లో ఎఫెక్ట్ మెనూలోని డ్రాప్ షాడో అయినా, కోరల్‌డ్రాలో టూల్‌బాక్స్‌లోని డ్రాప్ షాడో టూల్ అయినా లోపలి సూత్రం ఇదే. పేర్లు, స్లైడర్లు మారతాయి.

ఇందులో కీలకమైనది బ్లర్. ప్రతి పిక్సెల్ విలువను చుట్టుపక్కల పిక్సెళ్లకు గంట ఆకారపు గాసియన్ వక్రం ప్రకారం పంచడమే బ్లర్. ఎంత దూరం పంచాలన్నది స్టాండర్డ్ డీవియేషన్ అనే ఒక్క అంకె చెబుతుంది. అసలు గాసియన్ లెక్క కంప్యూటర్‌కు భారం. అందుకే మామూలు సగటు తీసే బాక్స్ బ్లర్‌ను వరుసగా మూడుసార్లు వేస్తే సరిపోతుందని, తేడా దాదాపు 3 శాతం లోపే ఉంటుందని ఎస్‌వీజీ ప్రమాణమే చెబుతుంది. కంటికి ఆ తేడా తెలియదు.

ఈ గంట వక్రం నుంచి పనికొచ్చే రెండు విషయాలు తేలతాయి. తిన్నని అంచును బ్లర్ చేస్తే, అసలు అంచు ఉన్న చోట నీడ సరిగ్గా సగం నలుపులో ఉంటుంది. అక్కడినుంచి బయటికి ఎంత పాకుతుందో, లోపల అంత పలుచనవుతుంది. రెండోది, స్టాండర్డ్ డీవియేషన్‌కు మూడు రెట్ల దూరం పోయాక గానీ నీడ అడుగంటదు. 4 పిక్సెళ్ల బ్లర్ అంటే నీడకు నాలుగు పక్కలా 12 పిక్సెళ్ల ఖాళీ కావాలి. జరిపిన దూరం దానికి అదనం.

కత్తిరించినట్టు ఆగిపోయే నీడల రహస్యం ఇక్కడే ఉంది. ఎస్‌వీజీలో ఫిల్టర్ పనిచేసే జాగాను ప్రత్యేకంగా చెప్పకపోతే, వస్తువు కొలతకు ప్రతి పక్కా 10 శాతం మాత్రమే అదనంగా దొరుకుతుంది. 300 పిక్సెళ్ల వెడల్పు, 60 పిక్సెళ్ల ఎత్తు ఉన్న శీర్షికను తీసుకుందాం. పక్కలకు 30 పిక్సెళ్లు దొరికాయి, బాగానే ఉంది. పైనా కిందా దొరికింది 6 పిక్సెళ్లే. 4 పిక్సెళ్ల బ్లర్‌తో 5 పిక్సెళ్లు కిందికి జరిపిన నీడకు కింద కావాల్సింది 17. కాబట్టి పక్కలు మెత్తగా కరిగిపోతాయి, కింద మాత్రం స్కేలు పెట్టి కోసినట్టు ఉంటుంది. పొడవాటి ఒక లైను శీర్షికలకే ఈ తంటా ఎక్కువగా రావడానికి కారణం ఇదే. ఇంక్‌స్కేప్‌లో ఫిల్, స్ట్రోక్ డైలాగ్‌లోని బ్లర్ స్లైడర్ వాడితే ఆ జాగాను అదే సర్దుకుంటుంది. ఫిల్టర్ ఎడిటర్‌లో చేత్తో కట్టుకున్నప్పుడు, లేదా వెబ్ కోసం ఎస్‌వీజీని నేరుగా రాసినప్పుడు జాగాను మనమే పెంచాలి. ఆ స్లైడర్ శాతాల్లో ఉంటుంది, ఆ శాతం వస్తువు సైజును బట్టి లెక్కకొస్తుంది. పెద్ద బొమ్మకు, చిన్న బొమ్మకు ఒకే 10 శాతం పెట్టి ఒకే మెత్తదనం రాలేదని విసుక్కోవడంలో అర్థం లేదు.

తెలుగు అక్షరానికి నీడ వేస్తే

ఇంగ్లిష్ పెద్దక్షరాలకు చూడచక్కగా కుదిరిన సెట్టింగ్ తెలుగులో ఎందుకు పాడవుతుందో అదే గంట వక్రంతో లెక్కగట్టవచ్చు. నీడ నడిమధ్యన ఎంత నల్లగా ఉంటుందన్నది గీత మందం మీద ఆధారపడుతుంది. బ్లర్ 4 పిక్సెళ్లు అనుకుంటే, 16 పిక్సెళ్ల మందమున్న గీత నీడ నడుమ 95 శాతం నలుపు నిలుస్తుంది. 8 పిక్సెళ్ల గీతకు 68 శాతం. 4 పిక్సెళ్ల గీతకు 38 శాతమే. దానిమీద అపాసిటీ (నీడ చిక్కదనం) 75 శాతం పెడితే ఆ 38 కాస్తా 29 అవుతుంది.

బోల్డ్ తెలుగు ఫాంట్‌లో ‘స్త్రీ’ అని రాసి చూడండి. పైనున్న ‘స’ ఒళ్లు మందంగా ఉంటుంది, కింద వేలాడే వత్తుల తోకలు సన్నగా ఉంటాయి. ఒకే బ్లర్ వేస్తే ‘స’ కింద చిక్కటి నీడ పడుతుంది, వత్తుల కింద లేత మరక మిగులుతుంది. అక్షరం పైభాగం గాల్లో లేచినట్టు, కిందిభాగం కాగితానికి అతుక్కున్నట్టు కనిపిస్తుంది. తిరగేసి చూస్తే ఇంకో చిక్కు. ‘ఘ’, ‘ఝ’ లాంటి అక్షరాల్లో మందమైన గీతల మధ్య ఇరుకు సందులుంటాయి. 4 పిక్సెళ్ల బ్లర్‌కు 8 పిక్సెళ్ల సందులో 32 శాతం నలుపు చేరుతుంది, 4 పిక్సెళ్ల సందులో 62 శాతం. అంటే సందు పూడిపోయినట్టే. నీడను కాస్త జరిపితే ఆ పూడిక అక్షరం వెనుక పూర్తిగా దాగదు, సందుల్లోంచి తొంగి చూస్తుంది. దూరం నుంచి చదివే బ్యానర్ మీద ఇది చదవడానికే అడ్డం.

అందువల్ల తెలుగు శీర్షికలకు బ్లర్ అంకె నిర్ణయించాల్సింది అక్షరం ఎత్తును చూసి కాదు, అందులోని అతి సన్నటి గీతను చూసి. ఆ గీత మందంలో సగానికి మించకుండా ఉంచితే వత్తులు నిలబడతాయి. డిఫాల్ట్ విలువలను నమ్ముకోవడం అంత క్షేమం కాదు. ఇలస్ట్రేటర్‌లో డ్రాప్ షాడో తెరవగానే వచ్చేవి మల్టిప్లై మోడ్ (కింది రంగును ముదురు చేస్తూ కలిసే పద్ధతి), 75 శాతం అపాసిటీ, 7 పాయింట్ల జరుగుడు, 5 పాయింట్ల బ్లర్. ఆ అంకెలకు మన అక్షరం 24 పాయింట్లా 240 పాయింట్లా అన్నది పట్టదు.

డీటీపీ సెంటర్లలో పనిచేసేవారికి తెలిసిన మరో గొడవ అక్షరాలను కర్వ్స్ (గీతలు) చేశాక వస్తుంది. కోరల్‌డ్రాలో యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లతో టైప్ చేసి కంట్రోల్ క్యూ కొడితే అక్షరం, గుణింతం గుర్తు, వత్తు వేర్వేరు ముక్కలుగానే ఉండి ఒకదానిమీదొకటి ఎక్కుతాయి. ఎక్కిన చోట కొన్నిసార్లు తెల్ల చిల్లు పడుతుంది. మామూలుగా అయితే చిన్న చిల్లే కదా అని వదిలేసేది, నీడ వేశాక అందులోంచి బూడిదరంగు కనిపించి మచ్చలా తేలుతుంది. ఆ ముక్కలను విడగొట్టి ఒక్కోదానికి నీడ వేస్తే పరిస్థితి ఇంకా హీనం, వత్తు నీడ తన సొంత అక్షరం మీదే పడుతుంది. ముందు వెల్డ్ చేసి ఒకే ఆకారం చేసుకుని, తర్వాతే నీడ తగిలించాలి.

సాఫ్ట్ ఎడ్జ్ ఎటు కరుగుతుంది

నీడలో బ్లర్ అయ్యేది వస్తువు నకలు. సాఫ్ట్ ఎడ్జ్ లేదా ఫెదర్‌లో కరిగేది వస్తువు అంచే. ఇక్కడ చూసుకోవాల్సింది కరగడం ఎటువైపు అని. నేరుగా గాసియన్ బ్లర్ వేస్తే అంచు రెండువైపులా పాకుతుంది, వస్తువు కాస్త లావెక్కుతుంది, లోపలున్న రంగుల తేడాలు కూడా కలగాపులగం అవుతాయి. ఇలస్ట్రేటర్ ఫెదర్ అలా చేయదు. అంచు నుంచి లోపలికి మాత్రమే పలుచబరుస్తుంది, లోపలి డిజైన్‌ను కదిలించదు. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2007లో వచ్చిన సాఫ్ట్ ఎడ్జెస్ కూడా ఇదే కోవ. అందులో 1, 2.5, 5, 10, 25, 50 పాయింట్ల రెడీమేడ్ విలువలుంటాయి. లిబ్రేఆఫీస్‌కు సాఫ్ట్ ఎడ్జ్, గ్లో 2020 నాటి 7.0 వెర్షన్‌తో వచ్చాయి. ఆఫీస్ ఫైళ్లు అందులో తెరిచినప్పుడు అంచులు గట్టిగా కనిపించే బాధ అప్పటినుంచి తగ్గింది.

లోపలికి కరిగే పద్ధతికి ఒక ఇబ్బంది ఉంది. వస్తువు సన్నగా ఉంటే మిగిలేదేమీ ఉండదు. 20 పాయింట్ల వెడల్పున్న పట్టీకి 25 పాయింట్ల సాఫ్ట్ ఎడ్జ్ పెడితే పట్టీ కనుమరుగవుతుంది. కోరల్‌డ్రా డ్రాప్ షాడోలో ఫెదర్ దిశను లోపలికి, మధ్యకు, బయటికి, సగటుగా అని రకరకాలుగా ఎంచుకోవచ్చు. ఎక్కువమంది దాని జోలికే పోరు. ఫోటో ఫ్రేమ్ వెనుక సన్నటి నీడకు బయటి దిశ, అక్షరాలకు మధ్య దిశ పెట్టి చూస్తే అదే ఫెదర్ అంకెకు ఎంత తేడా వస్తుందో కనిపిస్తుంది.

పిక్సెళ్లు పుట్టే చోటు

ఇంక్‌స్కేప్‌లో ఫిల్టర్స్ మెనూలోంచి డ్రాప్ షాడో వేస్తే, ఫిల్టర్ తగిలేది అక్షరానికే. నీడ, అక్షరం కలిసి ఒకే ఫలితంగా బయటికొస్తాయి. స్క్రీన్ మీద ఇబ్బంది లేదు. పీడీఎఫ్ చేసేటప్పుడు మాత్రం ఫిల్టర్ ఉన్న వస్తువు మొత్తాన్ని పిక్సెళ్లుగా మార్చేస్తుంది, నీడను ఒక్కదాన్నే కాదు. ఎక్స్‌పోర్ట్ డైలాగ్‌లో రిజల్యూషన్ 96 డీపీఐ (అంగుళానికి 96 చుక్కలు) దగ్గరే వదిలేస్తే పదునుగా ఉండాల్సిన అక్షరం మసక ఫోటోలా వస్తుంది. ఆ డైలాగ్‌లో ఫిల్టర్లను పిక్సెళ్లుగా మార్చే టిక్కు తీసేస్తే అక్షరం పదునుగానే వస్తుంది, నీడే రాదు. దీనికి పాత పద్ధతే మేలు. కంట్రోల్ డి కొట్టి నకలు తీసి, దాన్ని నల్లగా చేసి, బ్లర్ దానికి మాత్రమే వేసి, అసలు అక్షరం వెనక్కి నెట్టాలి. ఫిల్టర్ తగిలింది నకలుకే కాబట్టి పిక్సెళ్లయ్యేది అదొక్కటే. అక్షరం గీతగానే ప్రెస్‌కు చేరుతుంది.

ఇలస్ట్రేటర్, కోరల్‌డ్రా ఈ విషయంలో నయం. అసలు ఆకారాన్ని గీతగానే ఉంచి, నీడను వెనుక విడి పొరగా పెడతాయి. కోరల్‌డ్రాలో నీడను ఎంచుకుని కంట్రోల్ కె కొడితే అది ఊడి విడి బిట్‌మ్యాప్‌గా (పిక్సెళ్ల బొమ్మగా) చేతికొస్తుంది. అనుమానం ఉన్నవారు ఆ ముక్కను జూమ్ చేసి చూసుకోవచ్చు. ఇలస్ట్రేటర్‌లో ఆ పొర నాణ్యతను డాక్యుమెంట్ రాస్టర్ ఎఫెక్ట్స్ సెట్టింగ్స్ నిర్ణయిస్తుంది. 72, 150, 300 అని మూడు మెట్లు. ఆ అంకె మారిస్తే ఫైల్‌లోని అన్ని నీడల రూపం కాస్త మారవచ్చు. అందుకే పని మొదట్లోనే తేల్చుకోవాలి, ప్రింట్‌కు పంపే ముందు కాదు.

ఎంత పెట్టాలన్నదానికి అందరూ చెప్పే జవాబు 300. ఆఫ్‌సెట్‌లో అచ్చేసే పెళ్లికార్డుకు అది సబబే. పది అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు ఫ్లెక్స్‌కు లెక్క వేయండి. 120 అంగుళాలు, 96 అంగుళాలు. 300 డీపీఐలో 36,000 పిక్సెళ్లు అడ్డంగా, 28,800 నిలువుగా, మొత్తం 103 కోట్ల పైచిలుకు. నాలుగు రంగులకు పిక్సెల్‌కు నాలుగు బైట్లు, అంటే 4 జీబీ దాటుతుంది. నీడ బ్యానర్ అంతటా పరుచుకుని ఉంటే సిస్టమ్ హ్యాంగ్ కావడంలో వింతేముంది? అదే 72 డీపీఐకి 6 కోట్ల పిక్సెళ్లు, 240 ఎంబీ.

తగ్గిస్తే నీడ నాణ్యత పోదా అంటే పోదు. బ్లర్ చేసిన నీడలో సన్నటి వివరం అంటూ ఏదీ మిగలదు. అర అంగుళం బ్లర్ ఉన్న నీడ 72 డీపీఐలో కూడా 36 పిక్సెళ్ల స్టాండర్డ్ డీవియేషన్‌తో ఉంటుంది, అంత మెత్తటి మార్పుకు అది ఎక్కువే. తక్కువ రిజల్యూషన్ వల్ల నష్టపోయేది పదునైన అంచు మాత్రమే. నీడ, అక్షరం విడివిడిగా ఉన్నంతవరకు నీడకు తక్కువ రిజల్యూషన్ పెట్టడంలో భయం లేదు. రెండూ కలిసి పిక్సెళ్లైతేనే ముప్పు.

రంగులు, చారలు, డబ్బాలు

పెద్ద నీడల్లో ఇంకో బెడద చారలు. 8 బిట్ రంగులో ఉన్నవి 256 మెట్లు. 30 శాతం అపాసిటీ నీడకు దక్కేది వాటిలో 77. ఆ నీడ ఇరవై అంగుళాల పొడవునా కరగాలంటే 72 డీపీఐలో 1,440 పిక్సెళ్లు, ఒక్కో మెట్టు పావు అంగుళం పట్టీగా తేలుతుంది. రిజల్యూషన్ పెంచితే ఇది పోదు, మెట్లు అవే కాబట్టి. సన్నటి గ్రెయిన్ (ఇసుకలాంటి చుక్కలు) చల్లితే మెట్ల అంచులు చెదిరి కంటికి చార కనిపించదు.

నీడ నలుపు ఎలాంటి నలుపు అన్నదీ చిన్న విషయం కాదు. ఆర్‌జీబీ (స్క్రీన్ రంగుల) ఫైల్‌లో నలుపు పెట్టి తర్వాత సీఎంవైకేకు (నాలుగు ఇంకుల ముద్రణ రంగులకు) మారిస్తే ఆ నలుపు నాలుగు ఇంకుల మిశ్రమం అవుతుంది. న్యూస్‌ప్రింట్ మీద మొత్తం ఇంకు 240 శాతం దగ్గర ఆపాలన్నది సాధారణ కట్టుబాటు. చిక్కటి రంగు మీద అలాంటి నీడ మల్టిప్లై అయితే ఆ గీత దాటిపోవడం ఖాయం. ఒట్టి నల్ల ఇంకుతో నీడ వేస్తే ఆ బాధ లేదు గానీ పసుపు నేపథ్యం మీద ఆకుపచ్చగా, మురికిగా కనిపిస్తుంది. పసుపు బ్యాక్‌గ్రౌండ్ మీద ముదురు గోధుమరంగు నీడ పెడితే వెచ్చగా వస్తుంది. శుభలేఖల్లో పసుపు, ఎరుపు తప్పవు కాబట్టి ఇది గుర్తుంచుకోదగ్గ చిట్కా.

ఇక నీడ చుట్టూ డబ్బా. ఇలస్ట్రేటర్‌కు పారదర్శకత 2000లో, తొమ్మిదో వెర్షన్‌తో వచ్చింది. ప్రింటర్ల పాత భాష పోస్ట్‌స్క్రిప్ట్‌కు మాత్రం పారదర్శకత అంటే ఏమిటో తెలియదు. ఆ భాషలో ఉండే ఈపీఎస్ ఫైల్‌లోకి వెళ్లాలంటే నీడను, దాని వెనుకున్న రంగును కలిపేసి చదును చేయాలి. చదును చేసేది దీర్ఘచతురస్రపు ముక్కగా. ఆ ముక్క పిక్సెళ్లు, చుట్టూ ఉన్న అదే రంగు గీతల వస్తువు. ప్రెస్‌లో ఆ రెంటికీ రంగు మార్పిడి కాస్త వేరుగా జరిగినా, కింద స్పాట్ కలర్ (విడిగా కలిపిన ప్రత్యేక ఇంకు) ఉన్నా, ముక్క హద్దు డబ్బాగా కనిపించేస్తుంది. పారదర్శకతను అలాగే మోసుకెళ్లే సౌకర్యం పీడీఎఫ్‌కు 1.4 వెర్షన్‌తో వచ్చింది. ముద్రణ ప్రమాణాల్లో పీడీఎఫ్ ఎక్స్-1ఏ దాన్ని ఒప్పుకోదు, ఎక్స్-4 ఒప్పుకుంటుంది. ప్రెస్ వాళ్లు ఏది తీసుకుంటారో ముందే ఫోన్ చేసి కనుక్కుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఏ నీడ నిజంలా ఉంటుంది

డ్రాప్ షాడో మొత్తం ఒకే మెత్తదనంతో ఉంటుంది. ప్రకృతిలో అలాంటి నీడ ఒకే సందర్భంలో పడుతుంది, పలుచటి అట్టను నేలకు సమాంతరంగా కొంత ఎత్తులో పట్టుకున్నప్పుడు. నిలబడ్డ మనిషికో, కుండకో అదే నీడ వేస్తే అట్టముక్క కత్తిరించి అతికించినట్టుంటుంది. ఎందుకంటే మెత్తదనం దూరంతో పెరుగుతుంది. సూర్యబింబం ఆకాశంలో అర డిగ్రీకి కాస్త ఎక్కువ వెడల్పు. దాన్నిబట్టి నేలకు మీటరు ఎత్తునున్న అంచు నీడ సుమారు 9 మిల్లీమీటర్లు మసకబారుతుంది, పాదం దగ్గర అసలు మసకబారదు. కాబట్టి నిలబడ్డ వస్తువుకు నీడ వేసేటప్పుడు మొదలు పదునుగా, చివర మెత్తగా ఉండాలి. ఒకే బ్లర్‌తో అది రాదు. వస్తువు మొదట్లో చిన్న చిక్కటి నీడ ఒకటి, దాని మీదుగా పెద్ద లేత నీడ ఇంకొకటి, రెండు వేస్తే కన్ను నమ్ముతుంది. 2014లో గూగుల్ మెటీరియల్ డిజైన్ కూడా ఒక సూటి వెలుగు, ఒక పరిసర వెలుగు అని రెండు నీడలనే లెక్కలోకి తీసుకుంది.

ట్యూబ్‌లైట్ నీడ ఇంకా సరదాగా ఉంటుంది. నాలుగడుగుల ట్యూబ్‌కు ఏడడుగుల కింద, నేలకు అడుగు ఎత్తున ఒక పుస్తకం ఉంటే, ట్యూబ్ పొడవున్న దిశలో దాని నీడ దాదాపు 7 అంగుళాలు మసకబారుతుంది. అడ్డ దిశలో అంగుళంలో ఏడో వంతే. ఎస్‌వీజీ బ్లర్‌లో అడ్డం, నిలువులకు రెండు వేర్వేరు అంకెలివ్వవచ్చు. ఇలాంటి గది వెలుగును రప్పించడానికి దాన్ని వాడేవారు అరుదు.

బ్లర్ లేకుండా

పిక్సెళ్లే వద్దనుకుంటే దారులున్నాయి. గోళం కింది నీడకు పారదర్శకమయ్యే వలయాకార గ్రేడియంట్ (క్రమంగా మారే రంగు) చాలు. వంకర ఆకారమైతే పెద్ద లేత ఆకారం నుంచి చిన్న చిక్కటి ఆకారానికి బ్లెండ్ టూల్‌తో మెట్లు వేయవచ్చు, బ్లర్లు రాకముందు అందరూ చేసింది అదే. గ్రేడియంట్ మెష్ (వల కళ్ల వెంట రంగు మార్చే పద్ధతి) అందంగా ఉంటుంది గానీ ఇంక్‌స్కేప్‌లో వేసిన మెష్‌ను బ్రౌజర్లు సొంతంగా చూపించలేవు.

అక్షరాలకైతే బ్లాక్ షాడో. కోరల్‌డ్రాకు 2018 వెర్షన్‌లో దీనికి విడిగా టూల్ వచ్చింది. నీడ అంతా గట్టి అంచులున్న గీతల ఆకారమే, కాబట్టి రిజల్యూషన్ ప్రసక్తి లేదు. బండ్ల మీద పేర్లు అతికించే రేడియం స్టిక్కర్ షాపులకు ఇది తప్పనిసరి. కటింగ్ ప్లాటర్ బ్లేడు గీత వెంట మాత్రమే నడుస్తుంది, మెత్తటి నీడను అది కోయలేదు.

వెబ్‌కు పంపేటప్పుడు ఒక అంకె తిప్పలు పెడుతుంది. వెబ్‌పేజీల రూపాన్ని రాసే సీఎస్ఎస్‌లోని బాక్స్ షాడోలో బ్లర్ 10 పిక్సెళ్లు అంటే స్టాండర్డ్ డీవియేషన్ 5. ఎస్‌వీజీలో రాసేది నేరుగా స్టాండర్డ్ డీవియేషన్. డిజైనర్ ఎస్‌వీజీలో 10 పెట్టి చూపిస్తే, డెవలపర్ సీఎస్ఎస్‌లో అదే 10 రాస్తే నీడ సగం మెత్తదనంతో వస్తుంది. అక్కడ 20 రాయాలి. ఆండ్రాయిడ్ యాప్ కోసం అదే ఐకాన్‌ను ఆండ్రాయిడ్ సొంత వెక్టర్ ఫార్మాట్ అయిన వెక్టర్ డ్రాయబుల్‌గా మారిస్తే ఫిల్టర్లు అందులోకి రావు. నీడ కావాలంటే గ్రేడియంట్‌తో గీసుకోవాలి, లేదా ఐకాన్‌ను పీఎన్‌జీగా ఇవ్వాలి.